తలకిందుల గుర్రం మీద రాజుగారు

ప్రాగ్ నగరం నడిబొడ్డున లుత్సెర్నా అని ఒక పాతకాలం షాపింగ్ ఆర్కేడ్ ఉంది. లోపలికి నడిచి తలెత్తితే పైకప్పు నుంచి ఒక గుర్రం వేలాడుతూ కనిపిస్తుంది. నాలుగు కాళ్లకూ తాళ్లు కట్టేసి ఉంటాయి. తల కిందికి వాలిపోయి, నాలుక బయటికి వచ్చేసి ఉంటుంది. అంటే గుర్రం చచ్చిపోయింది. దాని పొట్ట మీద, కవచం తొడుక్కున్న రాజుగారు మాత్రం నిటారుగా, గంభీరంగా, ఏమీ జరగనట్టే కూర్చుని ఉంటారు.

కింద కాఫీ తాగేవాళ్లు తాగుతుంటారు, సినిమాకి వెళ్లేవాళ్లు వెళ్తుంటారు. టూరిస్టులు ఫోన్ పైకెత్తి ఒక ఫొటో తీసుకుంటారు, ఇన్‌స్టాలో పెడతారు, వెళ్లిపోతారు. ఇంతకీ ఎవరీ రాజు? గుర్రాన్ని ఎందుకిలా వేలాడదీశారు? ఈ పని చేసినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదా?

మనకి విగ్రహం అంటే తెలిసిందే. పూలదండ, పాలాభిషేకం, జయంతి రోజు క్రేన్‌తో గజమాల. పొరపాటున ఎవరైనా ఆ విగ్రహం చేయి విరగ్గొడితే ఆ సాయంత్రానికల్లా రాస్తారోకో. అలాంటి కళ్లతో ప్రాగ్ వెళ్తే మొదట కాస్త కంగారు పుడుతుంది. తర్వాత నవ్వొస్తుంది. ఆ తర్వాత ఆలోచన మొదలవుతుంది. ఈ నగరంలో పెద్దవాళ్లను వెక్కిరించే శిల్పాలను చూస్తూ ఒక రోజంతా నడవొచ్చు. చాలావాటికి టికెట్ కూడా అక్కర్లేదు. రండి, నడుద్దాం.

ముందు అసలు గుర్రం

లుత్సెర్నా గుర్రం అర్థం కావాలంటే దాని ఒరిజినల్ చూసి రావాలి. మెట్రోలో ‘మ్యూజియం’ స్టేషన్‌లో దిగి పైకొస్తే వెన్సెస్లాస్ స్క్వేర్. పేరుకే స్క్వేర్ గానీ, చూడ్డానికి ముప్పావు కిలోమీటరు పొడవున్న వెడల్పాటి బజారులా ఉంటుంది. దాని పై చివర నేషనల్ మ్యూజియం. ఆ మ్యూజియం ముందు, బతికున్న గుర్రం మీద, ఈటె పట్టుకుని సెయింట్ వెన్సెస్లాస్. చెక్ భాషలో అయితే వాత్స్లావ్.

ఈయన పదో శతాబ్దంలో బొహీమియాను ఏలిన ప్రభువు. అధికారం కోసం సొంత తమ్ముడే చంపించాడు. పోయాక సెయింట్ అయ్యాడు, ఆ తర్వాత చెక్ జాతికే కాపలాదారు అయ్యాడు. ఒక ఐతిహ్యం కూడా ఉంది. బ్లానిక్ అనే కొండ లోపల ఒక సైన్యం నిద్రపోతూ ఉంటుందట. దేశానికి మరీ పెద్ద ఆపద వచ్చిన రోజున ఆ సైన్యం లేచి వస్తుందట, ముందు గుర్రం మీద వాత్స్లావ్ ఉంటాడట.

శిల్పి యోసెఫ్ మిస్ల్‌బెక్ ఈ విగ్రహం కోసం దశాబ్దాల పాటు పనిచేశాడు. 1912లో ఇక్కడ నిలబెట్టారు. అప్పటి నుంచి చెక్ చరిత్రలో ఏ పెద్ద సంఘటన జరిగినా ఈ గుర్రం కాళ్ల దగ్గరే జరిగింది. 1918 అక్టోబర్ 28న చెకోస్లొవేకియా స్వాతంత్ర్య ప్రకటన ఇక్కడే చదివారు. 1969 జనవరిలో యాన్ పాలాహ్ అనే 20 ఏళ్ల కుర్రాడు, సోవియట్ ఆక్రమణకు జనం అలవాటు పడిపోతున్నారన్న బాధతో, ఇక్కడికి కొద్ది అడుగుల దూరంలోనే ఒంటికి నిప్పంటించుకున్నాడు. 1989 నవంబర్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం దిగిపోవాలని లక్షల మంది చేరింది కూడా ఈ స్క్వేర్‌లోనే.

అంత బరువున్న గుర్రం ఇది. ఇప్పుడు కిందికి ఒక ఐదు నిమిషాలు నడిచి, ఎడమ చేతి వైపు సందులోకి తిరిగి, లుత్సెర్నాలోకి వెళ్లండి. అదే రాజు. అదే గుర్రం. కాకపోతే తలకిందులు.

ఆపదలో వచ్చేవాడు ఇక రాడు

ఈ రెండో గుర్రం పేరు కూడా ‘గుర్రం’ అనే. 1999లో చేసింది దావిద్ చెర్నీ. 1967లో ఇదే ప్రాగ్‌లో పుట్టాడు. మొదట కొన్నాళ్లు దీన్ని వెన్సెస్లాస్ స్క్వేర్‌లోనే, కింది చివర వేలాడదీశారు. అంటే ఒకే బజారులో పైన అసలు రాజు, కింద వెక్కిరింపు రాజు అన్నమాట. తర్వాత లుత్సెర్నాలోకి మార్చారు.

మీనింగ్ ఏంటి అని అడిగితే చెర్నీ సూటిగా చెప్పే రకం కాదు. అందుకే ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటారు. ఒక వాదన ఇదీ: అప్పట్లో చెక్ రాజకీయాల్లో అందరికంటే పెద్ద తలకాయ వాత్స్లావ్ క్లౌస్. ప్రధానిగా చేశాడు, 1999లో పార్లమెంటు దిగువ సభ స్పీకర్, ఇంకొన్నాళ్లకు ప్రెసిడెంట్. పేరు చూశారుగా, వాత్స్లావ్. గుర్రం మీదున్నది సెయింటా, ఈ నాయకుడా అని జనానికి డౌటు రావడం సహజం. ఇంకో తమాషా, అప్పటి ప్రెసిడెంటు పేరు కూడా వాత్స్లావే. వాత్స్లావ్ హావెల్. పైగా ఈ లుత్సెర్నా కట్టించింది హావెల్ గారి తాత.

నా మటుకు నాకు ఆ బ్లానిక్ కొండ కథే గుర్తొస్తుంది. ఆపదలో గుర్రమెక్కి వస్తాడని వెయ్యేళ్లుగా ఎదురుచూస్తున్న రాజు ఇడుగో, వచ్చాడు. కానీ గుర్రం ఎప్పుడో చచ్చిపోయింది. పాపం ఆయనకి ఆ సంగతి తెలీదు, ఇంకా స్వారీ చేస్తున్నాననే అనుకుంటున్నాడు. పదవి పోయినా పోజు పోని నాయకులు మనకు తెలిసినవాళ్లే కాబట్టి, ఈ జోక్ అర్థం కావడానికి చెక్ భాష రావక్కర్లేదు.

ఈగలు చేసిన నేరం

ఈ వెక్కిరింపు చెర్నీతో మొదలైందేమీ కాదు. లుత్సెర్నా నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ‘ఉ కలిహా’ అనే బీరు హోటల్ ఉంది. యారొస్లావ్ హషెక్ 1921 నుంచి రాసిన ‘సిపాయి ష్వేక్’ నవల మొదలయ్యేది ఈ హోటల్ చుట్టూనే. కథలో హోటల్ ఓనర్ గోడ మీద చక్రవర్తి ఫొటో తగిలిస్తాడు. ఈగలు దాన్ని పాడుచేస్తుంటే అటక మీద పెట్టేస్తాడు. మఫ్టీలో వచ్చిన పోలీసు, ఫొటో ఏదని కూపీ లాగుతాడు. ఈగలు చేసిన పనికి ఓనర్ జైలుకు పోతాడు.

నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు కింద భయం ఉంది. పెద్దాయన బొమ్మకి చిన్న మచ్చ పడినా శిక్ష పడే రాజ్యం అది. ఆస్ట్రియా చక్రవర్తులు పోయాక హిట్లర్ మనుషులు వచ్చారు, తర్వాత స్టాలిన్ మనుషులు వచ్చారు. నోరు తెరిచి మాట్లాడలేని చోట జనం ముసిముసిగా నవ్వడం నేర్చుకున్నారు.

నది దాటేలోపు

లుత్సెర్నా నుంచి నది వైపు నడిస్తే నారొద్నీ త్రీదా మెట్రో స్టేషన్ దగ్గర కాఫ్కా తల ఒకటి మెరుస్తూ కనిపిస్తుంది. 42 స్టీలు పొరలు. ఒక్కో పొర ఒక్కో వైపు తిరుగుతుంది. ముఖం ముక్కలైపోయి, మళ్లీ కలుస్తుంది. ఇది కూడా చెర్నీ పనే, 2014లో పెట్టారు. కాఫ్కా ప్రాగ్‌లో ప్రమాద బీమా ఆఫీసులో ఉద్యోగం చేశాడు. ఫైళ్లు, సంతకాలు, ‘రేపు రండి’ అనే ఆఫీసర్లు... వీటన్నిటినీ పీడకలలా రాసినవాడు. ఇప్పుడాయన తల షాపింగ్ సెంటర్ పక్కన గిరగిరా తిరుగుతోంది.

ఇక్కడి నుంచి పాత బస్తీ సందుల్లోకి వెళ్తే హుసోవా వీధిలో ఒకచోట తలెత్తండి. ఒక పెద్దాయన సూట్ వేసుకుని, ఒక చేతిని జేబులో పెట్టుకుని, ఇంకో చేత్తో ఇంటి కప్పు మీది దూలాన్ని పట్టుకుని వేలాడుతుంటాడు. కంగారు పడకండి, మనిషి కాదు, శిల్పం. ఆయన సిగ్మండ్ ఫ్రాయిడ్. పుట్టింది ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ప్రిబోర్ ఊళ్లోనే. లోకానికంతా మనసు గురించి పాఠం చెప్పిన గురువుగారు, పట్టు వదిలేద్దామా వద్దా అని తేల్చుకోలేక 1996 నుంచీ వేలాడుతున్నాడు.

చార్లెస్ బ్రిడ్జి దాటి కుడి వైపుకి తిరిగితే కాఫ్కా మ్యూజియం. దాని ముందు ఇద్దరు కంచు మనుషులు ఎదురెదురుగా నిలబడి మూత్రం పోస్తుంటారు. నిజంగానే నీళ్లు పడుతుంటాయి, నడుములు అటూ ఇటూ కదులుతుంటాయి. పిల్లలు పగలబడి నవ్వుతారు, పెద్దవాళ్లు నవ్వాలా వద్దా అని చుట్టూ చూస్తారు. అసలు విషయం కిందుంది. వాళ్లు నిలబడిన ఆ కొలను ఆకారం చూడండి. అది చెక్ రిపబ్లిక్ మ్యాప్. ఇంకా గమనిస్తే ఆ ధారలు ఊరికే పడట్లేదు, నీళ్ల మీద అక్షరాలు రాస్తున్నాయి. ప్రాగ్ ప్రముఖులు చెప్పిన మాటలవి. ఒక నంబర్‌కి ఎస్సెమ్మెస్ పంపితే మీ మెసేజ్ కూడా రాసేలా దీన్ని తయారుచేశారు.

ఈ శిల్పం 2004 నాటిది. ఆ ఏడాది మే 1న చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. దేశమంతా పండగ మూడ్‌లో ఉన్నప్పుడు ఒక శిల్పి దేశపటం మీద ఈ పని చేయించాడు. పగలగొట్టలేదు ఎవరూ. పైగా పక్కనే ఐస్‌క్రీమ్ తింటూ చూస్తున్నారు.

కోట మీద ఎర్ర నిక్కరు

ఇక్కడి నుంచి పైకి చూస్తే ప్రాగ్ కోట. చెక్ ప్రెసిడెంట్ ఆఫీసు అందులోనే. ప్రెసిడెంట్ దేశంలో ఉన్నప్పుడు కోట మీద ఆయన జెండా ఎగురుతుంది. ‘సత్యమే గెలుస్తుంది’ అనే అర్థంలో దాని మీద చెక్ మాటలు ఉంటాయి. మన సత్యమేవ జయతే లాంటిదే.

2015 సెప్టెంబర్‌లో ఒక రోజు జనం తలెత్తి చూస్తే ఆ జెండా లేదు. దాని బదులు ఒక పేద్ద ఎర్ర నిక్కరు ఎగురుతోంది. జ్తోహొవెన్ అనే ఆర్టిస్టుల గుంపు, చిమ్నీలు శుభ్రం చేసేవాళ్ల వేషంలో కోట కప్పెక్కి మార్చేశారు. అప్పటి ప్రెసిడెంట్ మిలోష్ జెమన్ రష్యా, చైనాలతో మరీ చనువుగా ఉంటున్నాడన్నది ఆయన్ని విమర్శించేవాళ్ల బాధ. ఎరుపు రంగు అందుకే. ఆర్టిస్టులు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

అంతటితో అయిపోయి ఉంటే ఇదొక అల్లరి పనిగా మిగిలిపోయేది. కానీ 2018 జూన్‌లో జెమన్ గారు ప్రెస్‌మీట్ పెట్టారు. ఏదో పెద్ద ప్రకటన ఉంటుందని విలేకర్లు పరిగెత్తుకుంటూ వెళ్లారు. కోట తోటలో ఫైర్ సిబ్బందిని పక్కన పెట్టుకుని ప్రెసిడెంట్ గారు చేసిన పని ఏంటంటే, ఆ ఎర్ర నిక్కరును తగలబెట్టించడం. మూడేళ్లు ఆయన మనసులో ఆ నిక్కరు అలా ఎగురుతూనే ఉందన్నమాట! ఎంత పెద్ద వ్యాసం రాసినా ఆయన్ని ఇంత కదిలించి ఉండేది కాదేమో.

చెర్నీ కూడా జెమన్‌ని వదల్లేదు. 2013 అక్టోబర్‌లో, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, వ్లతావా నదిలో ఒక పంటు మీద పెద్ద ఊదారంగు చెయ్యి తేలింది. మధ్య వేలు పైకెత్తి, తిన్నగా కోట వైపు చూపిస్తోంది. ఆ సైగకి వివరణ అక్కర్లేదు కదా.

మాంసం కోసం క్యూ

కోట నుంచి నది పక్కనే లెత్నా కొండ మీదికి నడవండి. ఊరంతా కనిపిస్తుంది, సాయంత్రం చల్లగాలి బావుంటుంది. అక్కడొక పెద్ద రాతి అరుగు, దాని మీద అటూ ఇటూ ఊగే పెద్ద లోలకం. అరుగు మీద కుర్రాళ్లు స్కేట్‌బోర్డులతో ఎగురుతుంటారు. స్థానికులు ఈ చోటుని ఇప్పటికీ ‘స్టాలిన్ దగ్గర’ అంటారు.

1955లో ఇక్కడ 15.5 మీటర్ల స్టాలిన్ విగ్రహం నిలబెట్టారు. ముందు స్టాలిన్, ఆయన వెనక రెండు వరసల్లో కార్మికుడు, రైతు, సైనికుడు... ఒకరి వెనక ఒకరు. ప్రాగ్ జనం చూశారు. దానికి ‘మాంసం కోసం క్యూ’ అని పేరు పెట్టేశారు. షాపుల ముందు లైన్లలో నిలబడి విసిగిపోయినవాళ్లకి ఆ విగ్రహంలో కనిపించింది అదే మరి! ప్రభుత్వం ఎంత గ్రానైట్ పోసినా, జనం పెట్టిన మూడు ముక్కల పేరు చెరపలేకపోయింది.

కానీ దీని వెనక కథ నవ్వులాట కాదు. డిజైన్ చేసిన శిల్పి ఒటకర్ ష్వెట్స్. పైనుంచి ఒత్తిడి, ఇంట్లో భార్య మరణం. విగ్రహం ఆవిష్కరించక ముందే ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే మాస్కోలో కృశ్చేవ్ స్టాలిన్ తప్పుల్ని బయటపెట్టాడు. ఏ విగ్రహం కోసం అంత హడావుడి చేశారో దాన్నే 1962లో డైనమైట్ పెట్టి పేల్చేశారు. ఏడేళ్లు నిలబడింది, అంతే. తర్వాత చాలాకాలం పీఠం ఖాళీ. 1991లో ఈ లోలకం వచ్చింది. 1996లో మైకేల్ జాక్సన్ టూర్ మొదలుపెట్టినప్పుడు పబ్లిసిటీ కోసం ఆయన పెద్ద విగ్రహం కూడా కొన్నాళ్లు ఇక్కడ నిలబెట్టారు!

ఒక ప్రభువు పొగడ్త కోసం బొమ్మ చెయ్యమంటే శిల్పి ఏమయ్యాడో లెత్నా చెబుతుంది. ప్రభువుని వెక్కిరిస్తూ బొమ్మ చేస్తే ఏమవుతుందో చూడాలంటే నది ఒడ్డునే దక్షిణానికి, స్మీహొవ్ వైపు వెళ్లాలి. మెట్రోలో అయితే ‘అంద్యెల్’ స్టేషన్.

గులాబీ ట్యాంకు

కిన్‌స్కీ స్క్వేర్‌లో ఇప్పుడొక ఫౌంటెన్ ఉంది. చూస్తే ఏ ప్రత్యేకతా కనిపించదు. కానీ చెర్నీ కథ మొదలైంది ఇక్కడే.

1945లో హిట్లర్ సైన్యం నుంచి ప్రాగ్‌కి విముక్తి తెచ్చిన సోవియట్ సైన్యం గుర్తుగా ఇక్కడ ఎత్తైన పీఠం మీద ఒక ట్యాంకు పెట్టారు. నంబర్ 23. నగరంలోకి మొదట వచ్చిన ట్యాంకు ఇదేనని చెప్పేవాళ్లు. నిజానికి అది వేరే మోడల్, వేరే నంబర్. అయినా జనం దండాలే పెట్టారు. 1968 ఆగస్టులో మళ్లీ సోవియట్ ట్యాంకులు వచ్చాయి. ఈసారి విముక్తికి కాదు, చెకోస్లొవేకియా కాస్త స్వేచ్ఛగా ఊపిరి పీలుస్తుంటే దాన్ని ఆపడానికి. ఆ రోజు నుంచి పీఠం మీది ట్యాంకు అర్థమే మారిపోయింది.

1991 ఏప్రిల్. ప్రభుత్వం మారింది గానీ సోవియట్ సైనికులు ఇంకా పూర్తిగా వెళ్లలేదు. ఒక రాత్రి, ఆర్ట్ స్కూల్ విద్యార్థి చెర్నీ స్నేహితులతో వచ్చి ట్యాంకు మొత్తానికీ గులాబీ రంగు వేసేశాడు. పైన ఒక వేలు కూడా నిలబెట్టాడు. చిన్నపిల్లల గౌను రంగు. లోకాన్ని వణికించిన ఇనుప యంత్రం ఒక్క రాత్రిలో బొమ్మ అయిపోయింది.

సోవియట్ యూనియన్ నిరసన తెలిపింది. చెర్నీని అరెస్టు చేశారు. సైన్యం వచ్చి మళ్లీ ఆకుపచ్చ రంగు వేసింది. అక్కడితో కథ అయిపోలేదు. మే నెలలో పార్లమెంటు సభ్యులు 15 మంది వచ్చారు. మాకు పదవి రక్షణ ఉంది, మమ్మల్నెలా పట్టుకుంటారో చూద్దాం అన్నట్టు, వాళ్లే బ్రష్షులు పట్టుకుని మళ్లీ గులాబీ రంగు వేశారు! చివరికి ట్యాంకుని అక్కడి నుంచి తీసేశారు. ఇప్పుడది ప్రాగ్ బయట లెషానీలోని మిలిటరీ మ్యూజియంలో, గులాబీ రంగులోనే ఉంది. 2011లో, సోవియట్ సైన్యం వెళ్లిపోయి 20 ఏళ్లయిన సందర్భంగా, దాన్ని పంటు మీదెక్కించి వ్లతావాలో కొన్నాళ్లు ఉంచారు కూడా.

ఇక్కడ ఒక మాట. ఈ పని చెక్కుల్లో అందరికీ నచ్చలేదు. 1945లో ప్రాగ్ దాకా వచ్చిన సైనికుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాళ్ల గుర్తుకి రంగు పూయడం తప్పని అన్నవాళ్లున్నారు. ఆ మాటలో న్యాయం లేదనలేం. ఒకే ట్యాంకు ఒకరికి అమరవీరుడి గుర్తు, ఇంకొకరికి గుండెల మీద బరువు. రంగు డబ్బా ఎత్తేముందు ఆలోచించాల్సిన విషయమే.

కాకా పట్టేవాళ్లు

కిన్‌స్కీ స్క్వేర్ దగ్గర్లోనే హొలెచ్కొవా వీధిలో ఫుతురా అని ఒక గ్యాలరీ ఉంది. తెరిచి ఉండే వేళలు ముందే చూసుకుని వెళ్లండి. వెనక పెరట్లో రెండు పెద్ద తెల్లటి మనుషుల బొమ్మలు, నడుము నుంచి పైభాగం గోడలో కలిసిపోయి, వంగి ఉంటాయి. ఒక్కోదానికీ ఒక నిచ్చెన. ఎక్కి, ఆ బొమ్మ వెనక భాగంలో తల దూర్చి చూడాలి. అవును, సరిగ్గానే చదివారు. ఇంగ్లిష్‌లో దాని పేరు ‘బ్రౌన్‌నోజర్స్’. మన భాషలో కాకా పట్టేవాళ్లు.

లోపల వీడియో నడుస్తుంటుంది. వాత్స్లావ్ క్లౌస్ మాస్కు వేసుకున్న మనిషి, మిలన్ క్నీజాక్ మాస్కు వేసుకున్న ఇంకో మనిషి ఒకరికొకరు చెంచాతో జావ తినిపించుకుంటుంటారు. వెనక క్వీన్ బ్యాండ్ పాట ‘వి ఆర్ ద చాంపియన్స్’. ఇది పెట్టింది 2003లో. క్లౌస్ ప్రెసిడెంట్ అయింది ఆ ఏడాదే. క్నీజాక్ నేషనల్ గ్యాలరీ డైరెక్టర్.

దేశంలో పెద్ద పదవిలో ఉన్నాయన్ని ఇలా చూపించడం సాహసమే. కానీ అంతకంటే గుచ్చుకునేది చూసేవాడి పరిస్థితి. నాయకుల్ని చూసి నవ్వాలంటే ముందు మీ తల అక్కడ దూర్చాలి. బయట నిలబడ్డవాళ్లకి మీ కాళ్లే కనిపిస్తాయి. కాకా పట్టే బొమ్మ ఎవరిది, వీడియోలో వాళ్లదా, నిచ్చెన ఎక్కిన మనదా?

క్నీజాక్ సంగతి ఇంకో మెలిక. కమ్యూనిస్టుల కాలంలో ఆయనే తిరుగుబాటు ఆర్టిస్టు. వీధుల్లో వింత ప్రదర్శనలు చేసి, పోలీసుల చేత పట్టుబడి, జైలు చూసి వచ్చినవాడు. అలాంటాయన కుర్చీ ఎక్కాక ఇంకో కుర్ర ఆర్టిస్టుకి వెక్కిరింపు సరుకు అయ్యాడు.

జోక్ ఎవరి మీద?

వెక్కిరింపు ప్రతిసారీ గురి చూసి తగలదు. 2009లో యూరోపియన్ యూనియన్ అధ్యక్ష బాధ్యత చెక్ ప్రభుత్వానికి వచ్చింది. బ్రస్సెల్స్‌లో పెట్టడానికి 27 దేశాల నుంచి 27 మంది ఆర్టిస్టులతో ఒక పెద్ద శిల్పం చేయించమని చెర్నీకి అప్పగించారు. పేరు ‘ఎంట్రోపా’. తీరా చూస్తే ఆ 27 మంది లేనేలేరు. పేర్లు, జీవిత వివరాలు అన్నీ చెర్నీ, ఆయన స్నేహితులు కల్పించినవే.

అందులో రొమేనియా డ్రాక్యులా పార్కు. ఫ్రాన్స్ మీద ‘సమ్మె’ అనే బ్యానర్. స్వీడన్ ఒక ఫర్నిచర్ డబ్బా. బ్రిటన్ ఉండాల్సిన చోట ఖాళీ. బల్గేరియా మాత్రం నేల టాయిలెట్లు. బల్గేరియా మండిపడింది, ఆ భాగం మీద నల్లగుడ్డ కప్పాల్సి వచ్చింది.

ఇప్పటిదాకా చూసిన బొమ్మల్లో రాజు, ప్రెసిడెంట్, డైరెక్టర్, ట్యాంకు ఉన్నాయి. వీళ్లందరికీ తిరిగి మాట్లాడే బలం ఉంది, పోలీసులున్నారు, కోటలున్నాయి. యూరప్ పెద్ద దేశాలకి పనులకోసం వలస వెళ్లిన బల్గేరియా మామూలు జనానికి ఏముంది? పైవాణ్ని చూసి నవ్వితే గుండె బరువు తగ్గుతుంది. కిందివాణ్ని చూసి నవ్వితే వాడి మీద ఇంకో బరువు పడుతుంది. మన సినిమా కామెడీ ట్రాకులు, వాట్సాప్ జోకులు చూసినా ఈ తేడా తెలిసిపోతుంది. ఎంట్రోపా ఇప్పుడు ప్రాగ్‌లో లేదు, ప్ల్‌జెన్ నగరంలోని టెక్‌మేనియా సైన్స్ సెంటర్‌కి చేరింది.

ఇప్పుడు పెద్దాయన ఎవరు?

సాయంత్రం తిరిగి నారొద్నీ త్రీదా వస్తే, కాఫ్కా తలకి దగ్గర్లోనే ‘మాయ్’ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ కనిపిస్తుంది. దాని గోడకి రెండు స్పిట్‌ఫైర్ విమానాలు, వాటికి పెద్ద పెద్ద సీతాకోకచిలుక రెక్కలు. 2024లో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున ఎగిరిన చెకోస్లొవాక్ పైలట్ల గౌరవార్థం అన్నారు. చేసింది చెర్నీయే. ఈసారి ప్రాగ్ జనంలో చాలామంది పెదవి విరిచారు. పాత బిల్డింగ్‌ని పాడుచేశాడని, షాపింగ్ మాల్‌కి డెకరేషన్ చేసి ఆర్ట్ అంటున్నాడని విమర్శలొచ్చాయి. కార్లీన్ ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్‌ని పట్టుకున్నట్టు ఆయన నిలబెట్టిన పెద్ద స్టీలు స్త్రీ బొమ్మ మీద కూడా ఇలాంటి మాటలే.

రాత్రిపూట దొంగచాటుగా రంగు డబ్బాతో వచ్చిన కుర్రాడు ఇప్పుడు బిల్డర్లు పిలిచి పనిచ్చే పేరున్న శిల్పి. ప్రాగ్ ఎక్కడ తలెత్తినా ఆయన బొమ్మే. ఒకప్పుడు క్నీజాక్ కూర్చున్న చోటుకి ఇప్పుడు ఆయనా వచ్చేశాడా అని ప్రాగ్ కుర్రాళ్లు అడుగుతున్నారంటే, ఆ అలవాటు నేర్పింది ఆయనే కదా.

మరి లుత్సెర్నా గుర్రం పదును పోయినట్టేనా? సెల్ఫీ స్పాట్‌గా మారిపోయాక వెక్కిరింపు మిగులుతుందా? సగం నిజమే. 1955లో ఒక శిల్పి ప్రాణం పోయింది, 1991లో ఒక విద్యార్థి అరెస్టయ్యాడు, 2004కి వచ్చేసరికి ఎస్సెమ్మెస్ పంపి ఆడుకుంటున్నారు. భయం తగ్గేకొద్దీ జోక్ చప్పబడుతుంది. కానీ భయం తగ్గడం చిన్న విషయమా? పాలకుడి బొమ్మని తలకిందులుగా వేలాడదీసి, దాని కింద తాపీగా కాఫీ తాగగలగడం యాన్ పాలాహ్ తరానికి అందని సుఖం. అది శాశ్వతం కాదని నిక్కరు తగలబెట్టిన ప్రెసిడెంట్ గుర్తుచేశాడు.

మీరూ వెళ్తే

మనవాళ్లకి షెంగెన్ వీసా కావాలి. చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా, అక్కడ నడిచేది యూరో కాదు, కొరూనా. లుత్సెర్నా, కాఫ్కా తల, ఫ్రాయిడ్, మూత్రధారల శిల్పం, లెత్నా, అన్నీ ఫ్రీ. కోటకి ఎక్కడం కష్టమనిపిస్తే 22 నంబర్ ట్రామ్ ఉంది. గులాబీ ట్యాంకు కోసం లెషానీ వెళ్లాలంటే ఒక పూట వేరే పెట్టుకోవాలి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ముందు స్క్వేర్ పైభాగంలో అసలు వాత్స్లావ్ దగ్గర కాసేపు నిలబడండి. ఆయన కాళ్ల దగ్గర ఎవరో ఒకరు పూలు, కొవ్వొత్తులు పెట్టి ఉండొచ్చు. ఆ తర్వాతే లుత్సెర్నాలోకి వెళ్లి తలెత్తండి. దండం పెట్టే చేతులూ, వెక్కిరించే నోరూ ఒకే ఊరివి, చాలాసార్లు ఒకే మనిషివి.